ముందు కార్డు తరం చూడండి: లాప్‌టాప్ గ్రాఫిక్స్, లినక్స్ – ఒక సమీక్ష

2025 అక్టోబర్ 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ ఇచ్చే మామూలు మద్దతు ముగిసింది. విండోస్ 11 ఎక్కాలంటే ఇంటెల్‌లో ఎనిమిదో తరం లేదా ఆ తర్వాతి ప్రాసెసర్ ఉండాలి, టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఉండాలి. 2015 నుంచి 2017 దాకా కొన్న లాప్‌టాప్‌లలో చాలావాటికి ఈ అర్హత లేదు. అంతమాత్రాన అవి పాడైపోయినవి కావు. పాత హార్డ్‌డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ వేస్తే ఇంకో ఐదారేళ్ళు చక్కగా పనిచేసే యంత్రాలవి. అద్దంకి లాంటి ఊళ్ళలో అన్న చదువు అయిపోయాక ఆ లాప్‌టాప్ తమ్ముడికో చెల్లెలికో వస్తుంది. వాళ్ళతోపాటు ఒంగోలుకో, చీరాలకో, నరసరావుపేటకో ఇంజనీరింగ్ చదువుకు వెళ్తుంది. అలాంటి యంత్రానికి మిగిలిన మంచి దారి లినక్స్. అందులో ఉబుంటు గానీ మింట్ గానీ వేస్తే చాలా యంత్రాల్లో వైఫై, కెమెరా, టచ్‌ప్యాడ్ మొదటి రోజే పలుకుతాయి. చిక్కు వచ్చేది ఎన్‌విడియా స్టికర్ ఉన్నచోట. ఆ కార్డు లినక్స్‌లో పనిచేస్తుందా లేదా అన్న ప్రశ్నకు రెండు రకాల జవాబులు వినిపిస్తుంటాయి. లినక్స్‌కి గ్రాఫిక్స్ చేతకాదు, విండోసే నయం అని కొందరు. సరైన కమాండ్లు కొడితే ఏ కార్డయినా లొంగుతుంది, నీకు రాకపోతే అది నీ లోపం అని మరికొందరు. ఈ రెండూ సరికాదని నా అభిప్రాయం. పదిహేనేళ్ళ చరిత్ర చూస్తే ఫలితాన్ని తేల్చేది ముఖ్యంగా ఒక్కటే: ఆ కార్డు ఏ తరానిది, ఆ తరానికి తయారీదారు ఎంతవరకు తలుపు తెరిచాడు అన్నది. వాడేవారి నేర్పు దాని తర్వాతి సంగతి.

మొదట లాప్‌టాప్ లోపలి అమరిక తెలియాలి. డెస్క్‌టాప్‌లో కార్డుకే మానిటర్ తగిలిస్తాం కాబట్టి సందేహం ఉండదు. ఇలాంటి లాప్‌టాప్‌లో గ్రాఫిక్స్ రెండు చోట్ల ఉంటుంది: ప్రాసెసర్‌లోనే కలిసి ఉండేది ఒకటి, విడిగా అమర్చిన కార్డు ఇంకొకటి. 2010 ఫిబ్రవరిలో ఎన్‌విడియా ఆప్టిమస్ అనే పద్ధతిని ప్రకటించింది. అందులో తెర తీగలు ప్రాసెసర్‌లోని ఇంటెల్ గ్రాఫిక్స్‌కే కలిసి ఉంటాయి. విడి కార్డు బొమ్మ గీస్తుంది గాని తెరను నేరుగా తాకదు. గీసిన బొమ్మను ఇంటెల్ మెమరీలోకి కాపీ చేస్తే అక్కడినుంచి తెరమీదికి వస్తుంది. అద్దంకి బ్రాంచి కాలువలో నీళ్ళు ఎంత పారినా చేలోకి వచ్చేది పంట బోదె గుండానే, ఇదీ అంతే. విద్యుత్తు ఆదా చేయడానికి ఇది తెలివైన ఏర్పాటే. అవసరం లేనప్పుడు కార్డును పూర్తిగా ఆపేయొచ్చు. అయితే ఇద్దరు వేర్వేరు తయారీదారుల చిప్పులు ఒకే బొమ్మను చేతులు మార్చుకోవాలంటే వాటి డ్రైవర్ల మధ్య ఒప్పందం ఉండాలి. విండోస్ కోసం ఆ ఒప్పందాన్ని ఎన్‌విడియా తానే రాసుకుంది. లినక్స్ కోసం చాలా ఏళ్ళు రాయలేదు. లినక్స్‌కి గ్రాఫిక్స్ చేతకాదన్న మాట పుట్టింది అక్కడే.

ఆ ఏళ్ళలో జరిగినవి ఒకసారి చూడాలి. ఆప్టిమస్ వచ్చిన నెలలోనే, అంటే 2010 ఫిబ్రవరిలోనే, నూవో అనే ఓపెన్ సోర్స్ డ్రైవర్ లినక్స్ కెర్నెల్ 2.6.33లో చేరింది. ఎన్‌విడియా పత్రాలేవీ ఇవ్వకపోయినా, కార్డు ప్రవర్తనను బయటినుంచి గమనించి వాలంటీర్లు రాసిన డ్రైవరది. మరుసటి ఏడాది మార్టిన్ జూల్ బంబుల్‌బీ అనే ప్రాజెక్టు మొదలుపెట్టాడు. కంటికి కనబడని రెండో డిస్‌ప్లేను ఎన్‌విడియా కార్డు మీద నడిపి, అందులోని బొమ్మను ఇంటెల్ తెరకు మోసుకొచ్చే ఉపాయం అది. తయారీదారు చేయవలసిన పనిని వాడేవాళ్ళు భుజాన వేసుకున్న సందర్భం. 2012 జూన్‌లో ఫిన్లాండ్‌లోని ఆల్టో విశ్వవిద్యాలయంలో లైనస్ టోర్వాల్డ్స్ ఎన్‌విడియాను కెమెరా ముందే తిట్టిన సంగతి చాలామందికి తెలుసు. ఆ తిట్టుకు దారితీసిన ప్రశ్న మాత్రం అంతగా గుర్తు లేదు: సభలో ఒకరు అడిగింది ఆప్టిమస్ లాప్‌టాప్ లినక్స్‌లో పనిచేయకపోవడం గురించే. అదే ఏడాది ఇంకో ముడి పడింది. రెండు కార్డులు మెమరీ పంచుకోవడానికి కెర్నెల్‌లో డీఎంఏ-బఫ్ అనే సదుపాయం వచ్చింది. దాన్ని వాడుకోనివ్వమని అక్టోబర్‌లో ఎన్‌విడియా అడిగితే, కెర్నెల్ రచయితల్లో ఒకరైన ఆలన్ కాక్స్ ఒప్పుకోలేదు. జీపీఎల్ లైసెన్సు కింద తాము రాసిన కోడ్‌ను మూసి ఉంచిన డ్రైవర్‌కి తగిలించడం కుదరదన్నాడు. ఇక్కడ తప్పు ఒకవైపే ఉందని అనలేం, లైసెన్సు పట్టింపు వల్ల వాడేవారికి జరిగిన నష్టం నిజమే. అయినా తలుపు మూసి ఉంచాలన్న నిర్ణయం ఎన్‌విడియాదే కాబట్టి మూలకారణాన్ని అక్కడే చూడాలి. 2013లో 319 డ్రైవర్‌తో ఎన్‌విడియా కొంత దిగివచ్చింది గాని, అది డెస్క్‌టాప్ మొత్తాన్నీ విడి కార్డు మీద నడిపే పద్ధతి. విద్యుత్తు ఆదా ఊసే లేదు. ఒక్కో ప్రోగ్రామ్‌ను మాత్రమే విడి కార్డు మీద నడిపే ప్రైమ్ రెండర్ ఆఫ్‌లోడ్ 2019 ఆగస్టులో, 435 డ్రైవర్‌తో వచ్చింది. విండోస్‌లో 2010లోనే ఉన్న సౌకర్యం లినక్స్‌కి చేరడానికి తొమ్మిదేళ్ళు పట్టింది.

ఆ తర్వాత కథ వేగంగా మారింది, అదీ టూరింగ్ తరం నుంచి. 2018లో వచ్చిన ఆర్‌టీఎక్స్ 20 శ్రేణి, 2019లో వచ్చిన జీటీఎక్స్ 1650, 1660, తర్వాతి ఎమ్ఎక్స్ 450 ఈ తరానివి. వీటిలో జీఎస్‌పీ అనే చిన్న ప్రాసెసర్ కార్డులోనే ఉంటుంది. ఒకప్పుడు డ్రైవర్ చేసే పనుల్లో చాలా భాగం అందులోని ఫర్మ్‌వేర్‌కి మారింది. దాంతో తన రహస్యాలను ఫర్మ్‌వేర్‌లో దాచుకుని, కెర్నెల్‌లో నడిచే భాగాన్ని బయటపెట్టడం ఎన్‌విడియాకు సులువైంది. 2022 మేలో ఆ కెర్నెల్ మాడ్యూళ్ళను ఎంఐటీ, జీపీఎల్ లైసెన్సుల కింద విడుదల చేసింది. 2024లో 560 డ్రైవర్ నుంచి కొత్త కార్డులకు అవే మొదటి ఎంపిక అయ్యాయి. ఓపెన్ సోర్స్ వైపునా ఇదే ఊపు: ఫెయిత్ ఎక్‌స్ట్రాండ్ ముందుండి రాసిన ఎన్‌వీకే అనే వల్కన్ డ్రైవర్ 2022లో వెలుగు చూసింది, 2024 మొదట్లో కెర్నెల్ 6.7 నూవోకి జీఎస్‌పీ వాడే దారి వేసింది. నూవోను ఏళ్ళ తరబడి మోసిన బెన్ స్కెగ్స్ 2024లో ఎన్‌విడియాలోనే చేరాడు. టూరింగ్ లాప్‌టాప్ ఉన్న విద్యార్థి ఇవాళ ఉబుంటు వేసి, అదనపు డ్రైవర్ల కిటికీలో సిఫార్సు చేసిన దాన్ని ఎంచుకుని, యంత్రం రీస్టార్ట్ చేస్తే దాదాపు పని అయిపోయినట్టే. కార్డు మామూలుగా నిద్రలో ఉంటుంది. బ్లెండర్‌నో, ఆటనో కుడి క్లిక్ చేసి విడి కార్డుతో తెరవమంటే లేస్తుంది, పని కాగానే మళ్ళీ పడుకుంటుంది. పదేళ్ళ క్రితం ఎంత నేర్పున్నవారైనా ఇంత నిశ్చింతగా చేయలేకపోయిన పని ఇది.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. విండోస్ 11 గడప దాటలేక లినక్స్ వైపు వస్తున్న లాప్‌టాప్‌లు టూరింగ్‌వి కావు. అవి ఆరు, ఏడో తరం ఇంటెల్ ప్రాసెసర్లతో వచ్చినవి. వాటి పక్కన ఉండేది కెప్లర్ తరానికి చెందిన 920ఎమ్, మాక్స్‌వెల్ తరానికి చెందిన 940ఎమ్ఎక్స్, పాస్కల్ తరానికి చెందిన జీటీఎక్స్ 1050. కెప్లర్‌కి ఎన్‌విడియా డ్రైవర్ 470 శాఖతో ఆగింది, ఆ శాఖకు మద్దతు కూడా 2024లో ముగిసింది. మాక్స్‌వెల్, పాస్కల్ రెండూ 580 శాఖతో ఆగిపోయాయి. అంటే 2025 వరకు ముఖ్య శాఖలో ఉన్న కార్డులు కూడా పాత శాఖలోకి జారాయి. అలాంటప్పుడు ఓపెన్ సోర్స్ డ్రైవర్ ఆదుకోవాలి కదా అంటే, అక్కడే అన్నింటికన్నా బాధాకరమైన సంగతి ఉంది. 2014 చివర్లో వచ్చిన రెండో విడత మాక్స్‌వెల్ నుంచి కార్డు వేగాన్ని పెంచే ఫర్మ్‌వేర్‌కి ఎన్‌విడియా డిజిటల్ సంతకం తప్పనిసరి చేసింది. సంతకం ఉన్న ఫర్మ్‌వేర్‌ను నూవోకి కావలసిన రూపంలో ఇవ్వలేదు. అందువల్ల నూవో చేతిలో పాస్కల్ కార్డు స్విచ్ వేసినప్పుడున్న అడుగు వేగంతోనే నడుస్తుంది. ఎన్‌వీకే ఈ తరం కార్డులనూ గుర్తిస్తుంది గాని వేగం పెంచే తాళం దాని చేతిలోనూ లేదు. విచిత్రం ఏమిటంటే, అంతకన్నా పాతవైన కెప్లర్, మొదటి విడత మాక్స్‌వెల్ కార్డుల్లో నూవో వేగాన్ని చేత్తో పెంచుకోవచ్చు. 940ఎమ్ఎక్స్‌కి ఉన్న ఆ వీలు దానికన్నా బలమైన 1050కి లేదు. టూరింగ్‌కి జీఎస్‌పీ ఉంది, పాత కెప్లర్‌కి తాళం లేదు, మధ్యలో పాస్కల్ చిక్కుకుంది. కమాండ్లు తెలిస్తే ఏ కార్డయినా లొంగుతుందన్న వాదన ఈ ఒక్క ఉదాహరణతో వీగిపోతుంది. సంతకం లేని ఫర్మ్‌వేర్‌ను ఏ కమాండూ కార్డులోకి ఎక్కించలేదు.

కాబట్టి పాత కార్డును ఎలా లేపాలి అన్నదానికన్నా, దాన్ని ఎలా సరిగ్గా నిద్రపుచ్చాలి అన్నది పెద్ద ప్రశ్న. గుంటూరు, ప్రకాశం మైదానాల్లో మే నెల ఎండ సంగతి వేరే చెప్పనక్కర్లేదు. రెంటచింతల పేరు వింటేనే ఒళ్ళు చుర్రుమంటుంది, 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. అలాంటి గదిలో పని లేని కార్డు వెలుగుతూ ఉంటే ఫ్యాన్ ఆగదు, బ్యాటరీ నిలవదు. లెక్క వేసి చూడండి. 45 వాట్-అవర్ల బ్యాటరీ ఉన్న లాప్‌టాప్ రాతపనికి 9 వాట్లు తీసుకుంటే 5 గంటలు వస్తుంది. ఖాళీగా వెలిగే కార్డు మరో 6 వాట్లు తింటే అది 3 గంటలకు పడిపోతుంది. కరెంటు పోయినప్పుడు ఆ రెండు గంటల విలువ పల్లెల్లో చదువుకునేవారికి బాగా తెలుసు. ఇక్కడా తరమే నిర్ణయిస్తుంది. టూరింగ్ నుంచి కార్డు తనంత తాను పూర్తిగా ఆగిపోగలదు. పాస్కల్‌లో ఎన్‌విడియా డ్రైవర్‌ను ఆన్ డిమాండ్ పద్ధతిలో పెడితే, పని లేకున్నా కార్డు వెలుగుతూనే ఉంటుంది. ఉబుంటులో ప్రైమ్-సెలెక్ట్‌తో ఇంటెల్ పద్ధతికి మారిస్తేనే దానికి విద్యుత్తు ఆగుతుంది. లేదంటే ఎన్‌విడియా డ్రైవర్ జోలికే పోకుండా నూవోను ఉంచుకోవాలి. వేగం రాకపోయినా, వాడనప్పుడు కార్డును ఆపేయడం నూవోకి బాగానే వచ్చు. చాలామంది చేసే పొరపాటు మూడోది: ఎవరో చెప్పారని నూవోను బ్లాక్‌లిస్టులో పెడతారు, తర్వాత ఎన్‌విడియా డ్రైవర్ ఎక్కదు. అప్పుడు కార్డును చూసుకునే డ్రైవర్ ఏదీ ఉండదు, ఆపేవాళ్ళు లేక అది కాలుతూ ఉంటుంది. తెర బాగానే కనిపిస్తుంది కాబట్టి మనకు తెలియదు.

కార్డు తరం అనుకూలంగా ఉన్నా పని చెడగొట్టేవి కొన్ని ఉన్నాయి. ఎన్‌విడియా వెబ్‌సైట్ నుంచి ఇన్‌స్టాలర్ దించుకుని నడపడం వాటిలో మొదటిది. విండోస్ అలవాటుతో అందరూ అటే వెళ్తారు. కెర్నెల్ అప్‌డేట్ వచ్చిన మర్నాడు నల్ల తెర కనిపించడానికి చాలాసార్లు కారణం అదే. డ్రైవర్ ఎప్పుడూ ఆ లినక్స్ పంపిణీ వారి భాండాగారం నుంచే రావాలి. రెండోది సెక్యూర్ బూట్. అది ఆన్‌లో ఉంటే సంతకం లేని మాడ్యూల్‌ను కెర్నెల్ రానివ్వదు. డ్రైవర్ వేసేటప్పుడు ఒక పాస్‌వర్డ్ అడిగి, రీస్టార్ట్‌లో నీలి తెర మీద కీ నమోదు చేయమంటుంది. అది చూసి వైరస్ అనుకుని దాటేసేవారే ఎక్కువ. దాటేస్తే డ్రైవర్ ఎక్కదు, కారణమూ కనబడదు. ఇంకొకటి హెచ్‌డీఎమ్ఐ రంధ్రం. కొన్ని లాప్‌టాప్‌లలో అది విడి కార్డుకే కలిసి ఉంటుంది. బయటి మానిటర్ గానీ ప్రొజెక్టర్ గానీ తగిలిస్తే కార్డు లేచి కూర్చుంటుంది. కార్డును ఇంటెల్ పద్ధతిలో ఆపేసి ఉంటే ప్రొజెక్టర్ మీద ఏమీ రాదు, సెమినార్ రోజున ఇది ప్రాణం మీదికి తెస్తుంది.

దీనికి వచ్చే అభ్యంతరాల్లో మొదటిది: ఇంత తంటా ఎందుకు, ఏఎమ్‌డీ కార్డు కొంటే పోయేది కదా అని. ఇందులో సారం ఉంది. 2006లో ఏటీఐని కొన్న ఏఎమ్‌డీ 2007 సెప్టెంబర్ నుంచి తన చిప్పుల పత్రాలను బయటపెట్టింది, 2015లో ఏఎమ్‌డీజీపీయూ డ్రైవర్ కెర్నెల్ 4.2లోనే చేరింది. ఏ డ్రైవరూ విడిగా వేయకుండా కార్డు పలుకుతుంది. ఎన్‌విడియా చేయనిది లినక్స్‌లో సాధ్యమే అనడానికి ఇదే ఋజువు, కాబట్టి లినక్స్‌కి గ్రాఫిక్స్ చేతకాదన్న మొదటి వాదన ఇక్కడే ఆగిపోతుంది. కాని మన విద్యార్థులకు కార్డు కావలసింది ఆటలకోసమే కాదు. ఇప్పుడు ఇంజనీరింగ్ చివరి ఏడాది ప్రాజెక్టుల్లో డీప్ లెర్నింగ్‌వి చాలానే ఉంటున్నాయి. 2021లో నల్ల తామర పురుగు గుంటూరు మిరపను తుడిచిపెట్టిన తర్వాత, మిరప ఆకు ఫొటో చూసి తెగులును పోల్చే ప్రాజెక్టుకు ఈ ప్రాంతంలో ఉన్న విలువ ఎవరూ చెప్పనక్కర్లేదు. ఆ పనికి వాడే సాఫ్ట్‌వేర్ చాలావరకు 2007లో ఎన్‌విడియా తెచ్చిన ‘కూడా’ (CUDA) అనే వేదిక మీద కట్టినది. దానికి పోటీగా ఏఎమ్‌డీ తెచ్చిన ఆర్‌ఓసీఎమ్ (ROCm) లాప్‌టాప్ కార్డులను చాలాకాలం పట్టించుకోలేదు. అందుకే ఏఎమ్‌డీ కొనమన్న సలహా ఆటలు ఆడేవారికి, వీడియో ఎడిటింగ్ చేసేవారికి సరే గాని ఈ విద్యార్థులకు పూర్తి జవాబు కాదు.

రెండో అభ్యంతరం: ‘కూడా’ కావాలనుకునేవారు ఎలాగూ మూసి ఉన్న డ్రైవర్ వాడక తప్పదు, మరి ఓపెన్ సోర్స్ గురించి ఈ బాధ ఎందుకు? హైదరాబాద్‌లో 2005లో మొదలై, లినక్స్‌ను తెలుగులోకి తెచ్చి, ఇంజనీరింగ్ కాలేజీల్లో లినక్స్ బృందాలు కట్టిన స్వేచ్ఛ సంస్థ ఇన్నాళ్ళూ చెబుతున్నది దీనికి సమాధానమే: యంత్రం మీద చివరి మాట దాన్ని కొన్నవారిదే కావాలి. పాస్కల్ కార్డుల గతి చూస్తే ఆ మాటలో ఆదర్శంతోపాటు గట్టి వ్యావహారిక లెక్క కూడా ఉందని తెలుస్తుంది. 2025 ఆగస్టులో వచ్చిన ‘కూడా’ 13 మాక్స్‌వెల్‌ను, పాస్కల్‌ను, వోల్టాను వదిలేసింది. అంటే డ్రైవర్ ఎలాగో నిలబెట్టుకున్నా, దానిపైన నడిచే కొత్త సాఫ్ట్‌వేర్ ఈ కార్డులను దాటిపోతోంది. కోడ్ అందరి చేతిలో ఉండి ఉంటే, కంపెనీ వదిలేసిన రోజున వాలంటీర్లు పట్టుకునేవారు.

పాత కార్డున్నవారికి నా సలహా కొంచెం కఠినంగా ఉంటుంది. 940ఎమ్ఎక్స్ లాప్‌టాప్‌లలో కార్డుకు ఎక్కువగా ఉండేది 2 జీబీ మెమరీ. మంచి పరిమాణంలో ఉన్న నమూనాకు శిక్షణ ఇవ్వడానికి అది చాలదు. దాన్ని లేపడానికి వారాంతాలు ఖర్చుచేయడం కన్నా, నూవో చేతుల్లో నిద్రపుచ్చి, రాతకూ కోడింగ్‌కూ ఇంటెల్ గ్రాఫిక్స్ వాడుకుని, శిక్షణ పనికి గూగుల్ కొలాబ్‌నో కాలేజీ ల్యాబ్‌నో ఆశ్రయించడం మేలు. కొలాబ్‌కి గట్టి ఇంటర్‌నెట్ కావాలి, ఉచిత సెషన్ మధ్యలో తెగిపోతుంది అన్న అభ్యంతరం నిజమే. ఫొటోలను ముందే చిన్నవి చేసుకుని, శిక్షణ మధ్యమధ్యలో నమూనాను డ్రైవ్‌లో దాచుకుంటే ఆ ఇబ్బంది చాలావరకు తగ్గుతుంది. 4 జీబీ ఉన్న జీటీఎక్స్ 1050 ఉంటే మాత్రం ప్రయత్నించవచ్చు: 2029 దాకా మద్దతు ఉన్న ఉబుంటు 24.04 వేసి, 580 డ్రైవర్‌తో, ‘కూడా’ 12తో ఆగి, కొత్తదానికి ఎగబడకుండా ఉండాలి. రోజువారీ పనికి ఇంటెల్ పద్ధతి, శిక్షణ రోజున ఎన్‌విడియా పద్ధతి. టూరింగ్, ఆ తర్వాతి కార్డులున్నవారికి ఈ జాగ్రత్తలేవీ అక్కర్లేదు.

ఒక విన్నపం ఎన్‌విడియాకు. 2025లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వంతో ఏఐ శిక్షణకు ఒప్పందం చేసుకున్న సంస్థ అది. మద్దతు ఆపేసిన పాస్కల్ కార్డులకు వేగం పెంచే సంతకపు ఫర్మ్‌వేర్‌ను నూవోకి పనికొచ్చే రూపంలో విడుదల చేస్తే, పాత లాప్‌టాప్ పట్టుకుని అదే ఏఐ నేర్చుకోవాలనుకునే పిల్లలకు అంతకు మించిన సాయం ఉండదు. ఇంకొకటి కాలేజీలకు. మొదటి ఏడాది పిల్లలకు లాప్‌టాప్ కొనమని చెప్పేటప్పుడు ర్యామ్, ప్రాసెసర్ రాసిన కాగితం మీదే కార్డు ఏ తరానిదై ఉండాలో, దాని మెమరీ ఎంతో, హెచ్‌డీఎమ్ఐ ఏ కార్డుకు కలిసి ఉందో కూడా రాయండి. చేతిలో ఇప్పటికే లాప్‌టాప్ ఉన్నవారు విండోస్ తీసేయకముందే పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ తెరిచి, టెర్మినల్‌లో ఎల్‌ఎస్‌పీసీఐ (lspci) అని కొట్టి కార్డు పేరు రాసుకోండి. ఆ తర్వాతే డ్రైవర్ సంగతి ఆలోచించండి.